పదకొండు మంది శ్రోతలు

పద్నాలుగో భాగం

పోయిన వారం ఉత్తరాల గుమాస్తాని మూడో అంతస్తు మెట్ల దగ్గర వదిలిపెట్టాం. భుజానికి గుడ్డసంచి, సంచిలో తొమ్మిదివందలకు కాస్త తక్కువగా పోస్టుకార్డులు. గురువారం, మధ్యాహ్నం రెండు దాటింది. ఆదివారం ఉదయం పదింటికి రేడియో స్టేషన్ పెద్ద స్టూడియోలో, ఊరూరా నవ్విస్తూ పాడిన గాయకుడు సందడి మాస్టారి సంస్మరణ సభ. రెండు గంటలు, ప్రత్యక్ష ప్రసారం. మాస్టారు పోయి అప్పటికి పంతొమ్మిది రోజులు.

సభలో మొదటి పాట పాడాల్సింది ఆ మెట్ల పైన ఉన్న గాయని. మాస్టారి తొలి ఎనిమిదేళ్ల పాటలన్నీ ఆవిడతో కలిసి పాడినవే. ఆవిడ లేకుండా సభ పెడితే మాస్టారి జీవితంలోంచి ఎనిమిదేళ్లు కత్తిరించినట్టేనని డైరెక్టరు స్వయంగా వెళ్లి అడిగాడు. ఆవిడ ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది. తన పాట కావాలని ఏళ్లుగా నెలనెలా కార్డు రాస్తున్న పదకొండు మంది ముందు వరసలో కూర్చోవాలి. వాళ్లు రాకపోతే తనూ రాదు. "మన శ్రోతలే కదయ్యా, వెతికి పట్టుకో" అని డైరెక్టరు ఆ పని గుమాస్తాకి అప్పగించాడు.

గుమాస్తాకి వెతకాల్సిన అవసరం లేదు. ఆ పదకొండు మందీ లేరని ఆయనకు ముందే తెలుసు.

ఆ స్టేషన్‌లో మధ్యాహ్నం ఒంటి గంటకు వచ్చే కోరిన పాటల కార్యక్రమానికి ఒక పద్ధతి ఉంది. కార్డు మీద పేరు రాయకూడదు. చేసే పని రాయాలి, ఆ పాట ఎందుకు కావాలో రెండు ముక్కలు రాయాలి. పేర్లు చదవడం మొదలుపెడితే గంటంతా పేర్లకే సరిపోతోందని పాత డైరెక్టరెవరో పెట్టిన నియమం. ఇరవై రెండేళ్ల కింద దానికి ఇంకో నియమం తోడైంది. నెలకు పది కార్డులైనా రాని గొంతుకి రికార్డింగ్ గది ఇవ్వరు. ఆ పది చూసేది గుమాస్తా. వచ్చిన ప్రతి కార్డు మీదా స్టేషన్ రబ్బరు ముద్ర కొట్టి, తేదీ వేసి, పాటల వారీగా కట్టలు కట్టి అనౌన్సరు బల్ల మీద పెడతాడు. అదే ఉద్యోగం. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాడు.

ఆయన తలుపు కొట్టకముందే తెరుచుకుంది.

"మీ అడుగులు కింద నుంచీ వింటున్నాను" అంది గాయని. "రెండో అంతస్తులో ఆగారు. మోకాళ్లా?"

"సంచి బరువమ్మా."

"అన్ని అడ్రసులు దొరికాయా! రండి, లోపలికి రండి."

గది ఒకటే. దాని వెనక వంటగది. గోడకు ఆనించి మంచం, బల్ల మీద రేడియో, రేడియో పక్కన ఫోను. మిగతా చోటంతా కుర్చీలు. రెండు వరసలు. గుమాస్తా లెక్కపెట్టాడు. పదకొండు.

"కింద దర్జీ నాలుగిచ్చాడు. ఎదురుగా టైపు నేర్పే వాళ్లవి ఆరు. ఒకటి నాది" అంది. "సభ కాగానే అందర్నీ ఇక్కడికి తీసుకొస్తాను. టీ తాగి వెళ్తారు. చేతులున్న కుర్చీ రైల్వే గేటు ఆయనకి. రోజంతా నిలబడే మనిషి. నర్సుకి కిటికీ పక్కన. లారీ డ్రైవరుకి ఈ తలుపు దగ్గరిది. ఆలస్యంగా వచ్చినా ఎవరినీ లేపక్కర్లేదు."

"ఆలస్యంగా వస్తాడని మీకెలా తెలుసు?"

"ఆయన కార్డు ఎప్పుడూ నెలాఖరుకేగా వచ్చేది? మీరేగా చెప్పింది."

నిజమే, ఆయనే చెప్పాడు. ప్రతి గురువారం నాలుగింటికి ఆవిడ స్టేషన్‌కి ఫోన్ చేసేది. "ఈ వారం ఎన్నండీ?" అని అడిగేది. ఆయన చెప్పేవాడు. ఎవరెవరు రాశారో చెప్పేవాడు. రెండు నిమిషాలు, ఎక్కువైతే మూడు. నెలకోసారి రికార్డింగుకి వచ్చినప్పుడు ఆవిడ ముందు గేటు నుంచి నేరుగా పైకి వెళ్లిపోయేది. ఆయన గది వెనకవైపు, మెట్ల కింద. ఎదురుపడి మాట్లాడుకున్నది మొత్తం నాలుగుసార్లో, ఐదుసార్లో. ఈ ఇంటికి రావడం ఇదే మొదలు.

ఎక్కడ కూర్చోవాలో తెలీక గుమాస్తా నిలబడ్డాడు.

"కూర్చోండి. వాళ్లింకా రాలేదుగా, ఏ కుర్చీ అయితేనేం" అని ఆవిడ నవ్వింది. "ఒక్క మాట అడగనా? మాస్టారు పోయినప్పట్నుంచీ వాళ్లలో ఒక్కరి కార్డు కూడా చదవలేదు. నేను రోజూ వింటూనే ఉన్నాను. బాధలో ఉన్నారు కాబోలు. ఆయనంటే ఎవరికి ఇష్టం ఉండదు? నాకు రాసేవాళ్లకి కూడా ముందు ఆయనే ఇష్టం అయి ఉండాలి."

గుమాస్తా సంచి నేల మీద పెట్టాడు. వచ్చే దారిలో ఈ మాటలు ఎలా మొదలుపెట్టాలో మూడు రకాలుగా అనుకున్నాడు. మూడూ నోటికి రాలేదు.

"అమ్మా, వాళ్లు రారు."

"ఎవరు రారు?"

"ఎవరూ రారు."

"సెలవు దొరకలేదా? ఆదివారమే కదండీ. గేటు ఆయనకి కష్టమే, రైళ్లకి ఆదివారం ఉండదు. మిల్లులో చేసే ఆవిడకేం? బడి ప్యూనుకేం?"

"సెలవు గురించి కాదమ్మా. వాళ్లు లేరు."

గాయని ఆయన మొహంలోకి చూసింది. తర్వాత వంటగదిలోకి వెళ్లింది. స్టవ్ ఆర్పిన చప్పుడైంది. తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

"సరిగ్గా చెప్పండి" అంది.

గుమాస్తా వంగి కట్టలు పైకి తీశాడు. ఒక్కో కట్ట ఒక్కో శ్రోతది. దారం విప్పి గేటు కాపలాదారు కార్డుల్ని మంచం అంచున వరసగా పరిచాడు, రాసిన వైపు కిందకి, అడ్రసు వైపు పైకి.

"మూడేళ్లకోసారి పాత కార్డులు కాగితం మిల్లుకి తోలేస్తాం. మీవి మాత్రం ఏడేళ్లుగా తోలలేదు. నా బీరువాలో పెట్టాను. పోస్టాఫీసు ముద్రలు చూడండి. ఏ ఊళ్లో పెట్టెలో వేస్తే ఆ ఊరి ముద్ర పడుతుంది."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని వంగింది. మొదటి కార్డు ఒక ఓడరేవు ఊరిది. రెండోది గనుల ఊరు. మూడోది కొండల మీద ఊరు. నాలుగోది మళ్లీ ఓడరేవు. ఒక్కో ముద్ర మీదా వేలు పెట్టి చదివింది.

"గేటు వదిలేసి ఊళ్లు తిరుగుతున్నాడేమిటీయన?" అంది. "రైళ్ల గతేం కాను?"

గుమాస్తా నవ్వలేదు. ఆవిడ నవ్వు మధ్యలో ఆగింది.

ఆయన నర్సు కట్ట విప్పాడు. మిల్లు ఆవిడ కట్ట, డ్రైవరు కట్ట విప్పాడు. నర్సు ఆ నెల ఓడరేవులోనే ఉంది. మిల్లు కార్మికురాలు కూడా అక్కడే, అదే రోజు. డ్రైవరు మూడు వారాల తర్వాత వేరే ఊళ్లో వేశాడు. తర్వాత గుమాస్తా జేబులోంచి ఒక పేపరు ముక్క తీశాడు. మడతల దగ్గర చిరిగింది. సందడి మాస్టారు ఓడరేవు కార్మికుల హాల్లో ఒక ముసలాయన్ని స్టేజీ మీదకి లాగి డాన్సు చేయిస్తున్న ఫొటో. కింద తేదీ ఉంది.

"కార్డుల ముద్ర కూడా అదే తేదీ" అన్నాడు. "ఆ రోజే నాకు అనుమానం వచ్చింది. తర్వాత మాస్టారి ప్రోగ్రాములు ఎక్కడుంటే అక్కడి ముద్రలే. చేతిరాత ఒక్కోరికి ఒక్కో రకంగా మార్చాడు. సిరా మార్చాడు. డ్రైవరు కోసం నెలాఖరు దాకా ఆగేవాడు. పోస్టు చేసే ఊరు మాత్రం మార్చలేకపోయాడు. అక్కడ పాడాలి కదా."

గాయని కార్డులు ఒక్కొక్కటీ తిరగేసి చదవడం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ వాటిని అనౌన్సరు గొంతులో విన్నదే కానీ చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి. విన్నవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంది. కొన్నిచోట్ల అనౌన్సరు వదిలేసిన వాక్యాలున్నాయి. అక్కడ ఆగి రెండోసారి చదివింది.

కింద దర్జీ మిషను ఆడుతోంది. ఆగింది. మళ్లీ ఆడింది.

"మేమిద్దరం ఎలా మొదలయ్యామో మీకు తెలుసా?" అంది ఆవిడ, కార్డు మీంచి తల ఎత్తకుండా. "ఆదివారం డైరెక్టరుగారు చదివే కాగితంలో ఉండదు. నాకు చూపించారు. అందులో 'రంగస్థలంపై తొలి అడుగులు' అని ఉంది. అడుగులూ లేవు, ఏం లేవు. నాటకాల కంపెనీలో తెర దించి, వెనక సామాను మార్చడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఆ ఐదు నిమిషాలు జనం లేచిపోకుండా కూర్చోబెట్టడం మా పని. తెర ముందు అరగజం చోటు. వెనక వడ్రంగి మేకులు కొడుతుండేవాడు. ఈయన ఆ సుత్తి చప్పుడుకి పాట కట్టేవాడు. వడ్రంగి కొట్టడం ఆపితే తెర వెనక్కి తల పెట్టి, 'బాబూ, తాళం తప్పింది' అని అరిచేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్లు. ఒకరోజు నాటకం చాలించి మమ్మల్నే పాడమన్నారు. నాటకం కంపెనీ ఆయన మొహం చూడాలి మీరు."

"వినలేదమ్మా ఇది."

"ఎవరూ వినలేదు. ఎనిమిదేళ్లు. రైలు కూత ఆయనది, రైలెక్కే పెళ్లాం గొంతు నాది. ఎన్ని ఊళ్లు తిరిగామో. తొమ్మిదో ఏడు ఒక పొద్దున బజారుకి వెళ్తే గోడ మీద పోస్టరు అంటిస్తున్నారు. ఆయన పక్కన వేరే అమ్మాయి. బంక ఇంకా తడిగా ఉంది." కార్డు మంచం మీద పెట్టింది. "నాకు చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు, తర్వాతా చెప్పలేదు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఈ మెట్లెక్కలేదు. మెట్లెక్కడానికి మొహం చెల్లని మనిషి నెలకి పది కార్డులు రాశాడా?"

"రాశాడమ్మా."

"ఎందుకు?"

"పది రాకపోతే మీకు రికార్డింగు ఉండదు. ఆ నియమం పేపర్లో వేశారు. వేసిన నెల నుంచే మీకు పది రావడం మొదలైంది. తొమ్మిదీ కాదు, పన్నెండూ కాదు."

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడ నర్సు కుర్చీ అడ్డంగా ఉంది. దాన్ని జరపకుండా పక్కనుంచి చేయి పెట్టి కిటికీ రెక్క తీసింది.

"జాలి పడ్డాడన్నమాట."

"అలా అనుకోవద్దు."

"ఎలా అనుకోమంటారో చెప్పండి, అలాగే అనుకుంటాను." గొంతు పెరగలేదు. "పదేళ్ల కింద గేటు ఆయన భార్యకి జబ్బు చేసింది. గుర్తుందా? మంచం దిగలేకపోతోంది, మీ పాట వస్తే కాస్త కునుకు పడుతోంది, ఈ నెల కొత్త పాట కోసం ఎదురు చూస్తోంది అని రాశాడు. మీరు ఫోన్లో నాకు చదివి వినిపించారు."

"గుర్తుంది."

"మా అక్క కూడా అప్పుడు మంచంలోనే ఉంది. రమ్మని రెండుసార్లు కబురు పెట్టింది. శనివారం రికార్డింగు ఉంది, ఆవిడెవరో నా పాట కోసం చూస్తోంది, పాడేసి ఆదివారం బయల్దేరతానని చెప్పాను. శనివారం మధ్యాహ్నం నేను మైకు ముందు ఉండగా అక్క పోయింది."

గుమాస్తా తల వంచుకున్నాడు.

"లేని ఆవిడకి జోల పాడాను. ఉన్న అక్క దగ్గర లేను." ఆవిడ ఇటు తిరిగింది. "ఆయనకి అదంతా తెలీదు. తెలిస్తే ఆ కార్డు రాసేవాడు కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. మంచివాడే. జనాన్ని నవ్వించినంత కాలం మంచివాడే. కానీ ఇరవై రెండేళ్లు, గుమాస్తాగారూ. అక్క వాళ్ల ఊళ్లో బడి ఉంది. పిల్లలకి పాట నేర్పమన్నారు. ఇల్లు కూడా ఇస్తామన్నారు. వెళ్లలేదు. నాకిక్కడ పది మంది ఉన్నారు, వాళ్లని వదిలేసి ఎలా రాను అన్నాను. అక్క నవ్వింది. 'పది మంది కోసం ఊరంతా వదులుకుంటావా' అంది. వినేది ఊరంతా అయితే వదిలి వెళ్లేదాన్నేమో. పది మంది కాబట్టే వదల్లేకపోయాను."

ఆవిడ కిటికీ దగ్గర్నుంచే మళ్లీ అడిగింది.

"మీకు ఏడేళ్లుగా తెలుసన్నారు."

"తెలుసు."

"ప్రతి గురువారం నాకు ఫోన్లో చెప్పారు. గేటు ఆయన రాశాడమ్మా, నర్సు రాసిందమ్మా అని. తెలిసి చెప్పారు."

"చెప్పాను."

"నోరెలా వచ్చింది?"

గుమాస్తా చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "నిజం చెప్తే మీరు మళ్లీ ఫోన్ చేయరనుకున్నాను" అన్నాడు.

ఆ మాట ఆవిడ విన్నదో, విననట్టు ఊరుకున్నదో తెలీదు. మంచం దగ్గరికి వచ్చి విప్పని కట్టల్ని లెక్కపెట్టింది. విప్పినవి వేరుగా, విప్పనివి వేరుగా పెట్టింది. అన్నిటికన్నా సన్నగా ఉన్న కట్టని చేతిలోకి తీసుకుంది.

"ఇది తాళాలు బాగుచేసే ఆయనది కదూ?"

"అవును."

"ఈయన ఆరేళ్ల నుంచే రాస్తున్నాడు. నెలనెలా కూడా కాదు." దారం విప్పలేదు. "మిగతా వాళ్లు పాట పేరు రాసి అడుగుతారు. అన్నీ మేమిద్దరం పాడిన రోజుల నాటివి. ఇప్పుడు చూస్తే తెలుస్తోంది, అవన్నీ ఆయనకి ఇష్టమైన పాటలు. ఈయన పాట పేరు రాయడు. ఏ పాటైనా సరే, మొదలయ్యే ముందు ఆవిడ గాలి పీల్చుకునే చప్పుడు కత్తిరించకుండా వేయండి అని రాస్తాడు. ఆ చప్పుడు వింటే పక్కనెవరో ఉన్నట్టుంటుంది, ఇప్పుడేదో చెప్పబోతున్నట్టుంటుంది అని. మొదటిసారి అనౌన్సరు అది చదివినప్పుడు నేను రేడియో ముందు నిలబడిపోయాను. నలభై ఏళ్లు పాడాను. రికార్డు కంపెనీ వాళ్లు అది తప్పని కత్తిరించేవాళ్లు. మాస్టారు కూడా, 'నీ ఊపిరి మైకులో పడుతోంది, మొహం తిప్పుకో' అనేవాడు."

గుమాస్తా నేల వైపు చూస్తున్నాడు.

"పదిమంది పోతే పోయారు" అంది గాయని. "ఇతని సంగతి చెప్పండి. ఇది కూడా ఆయనేనా?"

ఇక్కడ గుమాస్తా నిజం చెప్పి ఉండాల్సింది. అందుకే వచ్చాడు కూడా. ఆరేళ్ల కింద మాస్టారికి గొంతు ఆపరేషన్ జరిగిన నెల తొమ్మిది కార్డులే వచ్చాయి. నెల చివరి రోజు సాయంత్రం పావుతక్కువ ఐదయ్యేదాకా టపా కోసం చూశాడు. రాలేదు. ఐదింటికి పట్టిక పైకి పంపాలి. సొరుగులోంచి కొత్త కార్డు తీసి పదోది తనే రాశాడు. అప్పుడే బల్ల సొరుగు తాళం పడక తిప్పలు పడుతున్నాడు, ఏం పని రాయాలో తోచక అదే రాశాడు. ఆ ఒక్కటీ అవసరం కొద్దీ రాసింది. తర్వాతి నెల మాస్టారివి పదీ వచ్చాయి. అయినా గుమాస్తా ఇంకోటి రాశాడు. దానికి ఏ అవసరమూ లేదు.

"ఆయనేనమ్మా" అన్నాడు.

"ఆపరేషనయ్యాక రాయడం మొదలుపెట్టాడా?"

"అయి ఉండొచ్చు."

"ఊపిరి పడుతోందని మొహం తిప్పించిన మనిషి?"

"మనిషి మారతాడు కదమ్మా. గొంతు పోతుందేమోనని భయం వేసి ఉంటుంది."

ఆవిడ ఇక దారం విప్పింది. కార్డుల్ని ఇందాక ఆయన పరిచినట్టే పరిచింది, అడ్రసు వైపు పైకి. కళ్లద్దాలు సరిచేసుకుని మొదటిదాని మీదకి వంగింది. ఊరి పేరు కోసం వెతుకుతోందని గుమాస్తాకి అర్థమైంది. మరుక్షణం తను చేసిన పని కూడా అర్థమైంది. చేయి చాపబోయాడు. ఆవిడ అప్పటికే రెండోది చూస్తోంది. మూడోది చూస్తోంది. ఇరవై ఆరేళ్లు ఉత్తరాలతో బతికిన మనిషి. కార్డు రాసిన ప్రతిసారీ అలవాటు కొద్దీ స్టేషన్ రబ్బరు ముద్ర కొట్టాడు, తేదీ వేశాడు, కట్టలో పెట్టాడు. బయట రోడ్డు మీద ఉన్న టపా పెట్టెలో వేయాలని ఒక్కసారీ తోచలేదు.

"వీటి మీద పోస్టాఫీసు ముద్ర ఏదీ?" అంది గాయని.

"ఒక్కోసారి కొట్టడం మర్చిపోతారు."

ఆవిడ వేలితో లెక్కపెట్టింది. తొందరపడలేదు. చివరి కార్డు దాకా లెక్కపెట్టింది.

"నలభై ఒక్కసారి మర్చిపోయారా?"

గుమాస్తా ఖాళీ సంచి మడతపెట్టాడు.

"మాస్టారు పోయారు, అడగడానికి లేరు. కాబట్టి ఇవి కూడా ఆయన ఖాతాలో వేసేద్దామనుకున్నారు."

"అవునమ్మా."

"నాకు అబద్ధం చెప్పడానికి వచ్చారా, నిజం చెప్పడానికి వచ్చారా?"

"నిజం చెప్పడానికే వచ్చాను. ఇక్కడిదాకా చెప్పాక..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆయన రాశాడంటే జాలి అన్నారు. నేను రాశానంటే ఏమంటారో అని."

"తాళాలు బాగుచేయడం వచ్చా మీకు?"

"రాదమ్మా. నా సొరుగు తాళం ఇప్పటికీ పడదు."

గాయని పెదవుల మీద ఏదో కదిలింది. అది నవ్వని గుమాస్తా అనుకోలేదు. ఆవిడ నలభై ఒక్క కార్డులూ కలిపి దారం కట్టింది. మిగతా వాటిని కట్టలేదు, మంచం మీద అలాగే వదిలేసింది. ఒకటి రెండు కింద పడ్డాయి. ఎవరూ తీయలేదు.

"నా షరతు షరతే" అంది. "పదకొండు మందిని తీసుకురమ్మన్నాను. ఒక్కడున్నాడు. ఆదివారం ఆ ఒక్కడూ ముందు వరసలో కూర్చోవాలి. పాటకి ముందు లేచి, మైకు ముందుకొచ్చి, తనెవరో, ఆ కార్డులు ఎందుకు రాశాడో చెప్పాలి. అప్పుడు పాడతాను. లేకపోతే లేదు."

"నేను చెప్తే మాస్టారి సంగతీ చెప్పాల్సి వస్తుందమ్మా. మిగతా పదిమంది ఏరి అని అడుగుతారు. అది ఆయన సభ. వాళ్లమ్మాయి అక్కడే కూర్చుని ఉంటుంది. మీ ఇరవై రెండేళ్ల రికార్డింగులు దొంగ కార్డుల మీద నడిచాయని జనం అంటారు. స్టేషన్ వాళ్లు నన్నెలాగూ ఊరుకోరు, అది వేరే సంగతి. మీ పేరు ఏమవుతుంది?"

"నా పేరు ఎవరికి తెలుసని?" అంది ఆవిడ. "ఆయన్ని గొప్పవాడని రెండు గంటలు పొగడండి, నేనూ కూర్చుని వింటాను. పొగడాల్సిన మనిషే. కానీ ఆయన చేసింది కూడా ఆయన జీవితమే కదా. దాన్ని నా ఒక్కదాని నెత్తిన పెట్టి వెళ్లిపోతే ఎలా?"

ఫోను దగ్గరికి వెళ్లింది. నంబరు చూసుకోకుండా తిప్పింది. స్టేషన్ ఆపరేటరు ఎత్తితే డైరెక్టరు గదికి ఇమ్మంది.

"డైరెక్టరుగారూ, నేనే. ఆ, మీ గుమాస్తాగారు ఇక్కడే ఉన్నారు. శ్రోతల్లో ఒకరు దొరికారు." కాసేపు విన్నది. "లేదు, ఒక్కరే. మిగతా వాళ్ల సంగతి ఆయన చెప్తారు." మళ్లీ విన్నది. ఆవిడ కనుబొమ్మలు దగ్గరపడ్డాయి. రిసీవరు ఆయన వైపు చాపింది. "మీ కోసమే వెతుకుతున్నారట. ఇందాకట్నుంచీ."

గుమాస్తా లేచి వెళ్లి తీసుకున్నాడు. ఆ ఫోను పాతది. అవతలి గొంతు గదంతా వినిపిస్తుంది.

"ఎక్కడికి పోయావయ్యా? మాస్టారి అమ్మాయి నీకోసం రెండు గంటల్నుంచి కూర్చుంది. సభలో పెట్టడానికి ఆయన స్టేజీ కోట్లూ ఫొటోలూ తెచ్చింది. ఉండు, ఆవిడకిస్తున్నాను."

చేతులు మారిన చప్పుడు. తర్వాత ఆడగొంతు. అలసిన గొంతు.

"ఉత్తరాలు చూసేది మీరేనా అండీ? నాన్న పెట్టె సర్దుతుంటే అడుగున ఒక పోస్టుకార్డు దొరికింది. మీ స్టేషన్ అడ్రసే రాసి ఉంది. పోస్టు చేయలేదు. తేదీ చూస్తే ఆయన పోవడానికి రెండు రోజుల ముందు. ఎవరికి రాశాడో మాకు అర్థం కావడం లేదు. మీకేమైనా తెలుస్తుందేమోనని."

"ఎవరికని ఉందమ్మా?" అన్నాడు గుమాస్తా.

"పేరు లేదండీ. 'నేను రాయని పదకొండోవాడికి' అని ఉంది."

గుమాస్తా గాయని వైపు చూశాడు. ఆవిడ ఆ మాట విన్నది. దగ్గరికి వచ్చి, రిసీవరు పట్టుకున్న ఆయన చేతిని తమ ఇద్దరి మధ్యకి లాగింది.

"చదవమనండి" అంది.